గొట్టం మేడం ఇంటి కొలత

"దిక్కుమాలిన గొట్టం! మళ్ళీ మొదలెట్టింది," అంది గొట్టం మేడం, వంటగది కిటికీ దగ్గర నిలబడి చేతిలోని ప్లాస్టిక్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తూ.

గొట్టం మేడం అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. హైస్కూలు పిల్లలు పెట్టిన పేరది. వాళ్ళు ఒక పేరు పెట్టారంటే ఇక దాన్ని దేవుడొచ్చినా మార్చలేడు. ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి. ఎదిగే పిల్లల్లో ఎంతమందికి ఆస్తమా ఉంది, ఎంతమందికి ఎలర్జీలున్నాయి అని లెక్క తేల్చే సర్వేలో పని. ఒక్కో బడికీ వెళ్ళాలి, ప్రశ్నల కాగితాలు పంచాలి, ఆ తర్వాత ఒక్కొక్కరి చేతా గొట్టంలోకి ఊదించాలి. గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్కసారిగా ఫూ అని ఊదితే, గొట్టం మీదున్న ఎర్రముల్లు పైకి జరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. అంకె ఎంత పెద్దదైతే ఛాతీలో గాలి అంత ధారాళంగా ఆడుతున్నట్టు.

ఆ సర్వేలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గొట్టం వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళాలి. పొద్దున్నే పనిలోకి బయల్దేరే ముందు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి చేత ఒకసారి ఊదించి చూసుకోవాలి. ఆరోగ్యవంతుల ఊపిరి రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, అంకె బాగా మారిందంటే గొట్టం చెడిందని అర్థం, స్టోరులో ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవాలి. ఎవరి గొట్టం వాళ్ళు ఊదుకోకూడదు. ముల్లు కిందే ఆగిపోతుంటే పని చెడుతుందని ఇంకాస్త బలం పెట్టి ఊదేస్తారట మనుషులు! అందుకని ఇంట్లో ఇంకొకరుండాలి. ఆ మనిషిని సర్వేలో అందరూ 'ఇంటి కొలత' అంటారు.

గొట్టం మేడం ఇంటి కొలత ఆవిడ కూతురు. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న ముద్దుగా పిచ్చుక అనేవాడు, ఆ పేరే నిలిచిపోయింది.

"ఇంకోసారి ఊదవే పిచ్చుకా. పెదాలు బిగించు, గాలి పక్కనుంచి పోతోంది."

"మూడుసార్లు ఊదానమ్మా! బస్సు పోతుంది నాకు."

"మొన్న మూడొందల ఎనభై వచ్చింది. ఇవాళ మూడొందలు కూడా దాటలేదు. దీనికేం మాయరోగమో!"

"గొట్టమే పాడైందేమోలే," అంది పిచ్చుక, బ్యాగు భుజాన వేసుకుంటూ. అంటూనే రెండుసార్లు దగ్గింది.

గదిలో మంచం మీద నుంచి నాయనమ్మ అందుకుంది. "ఆ గొట్టం ఇటు పడెయ్యండి. మా కాలంలో ఇలాంటి గొట్టంతోనే పొయ్యి ఊదేవాళ్ళం. ముల్లూ లేదు, అంకే లేదు, అన్నం మాత్రం ఉడికేది."

"మీరు పళ్ళసెట్టు పెట్టుకుని మాట్లాడండి అత్తయ్యా, సగం మాటలు వినపడట్లేదు," అంది గొట్టం మేడం.

"వినపడకపోతే జవాబెలా చెప్పావే అమ్మాయ్?"

పిచ్చుక నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. అది దగ్గుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయింది. గొట్టం మేడం ఆ దగ్గు విని కూడా విననట్టు, గొట్టాన్ని తిట్టుకుంటూ బ్యాగులో కుక్కింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఆవిడ ఒట్టి చాదస్తపు మనిషిలా కనబడుతుంది. పాపం, అంత తెలివితక్కువది కాదు.

వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడ భర్త అచ్చుయంత్రాలు బాగుచేసే మెకానిక్కు. పోయే ముందు ఏడాదంతా, సాయంత్రం పనినుంచి వస్తూ రెండో అంతస్తు మలుపులో ఆగేవాడు. "తాళంచెవి ఎక్కడ పెట్టానో," అంటూ జేబులు తడుముకునేవాడు. ఇంట్లో తల్లీ, పెళ్ళామూ, పిల్లా ఉండగా తాళంచెవితో పనేమిటని ఎవరికీ తోచలేదు. మతిమరుపు ముదిరిందని ఆటపట్టించారు కూడా. అది మతిమరుపు కాదు, ఆయాసం. గుండె కండరం వాచిపోయిందని తెలిసేసరికే అంతా అయిపోయింది. ఆసుపత్రి వరండాలో గుండె డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి, "ఇలాంటివి కొన్ని పిల్లలకు కూడా వస్తుంటాయమ్మా. పాపనొకసారి చూపించండి," అన్నాడు. ఆవిడ తలూపింది.

చూపించలేదు. తీరిక లేక కాదు. చూపిస్తే ఉందంటారేమోనని. ఇదేం తెలివండీ అని మీరు కోప్పడొచ్చు. కోప్పడాల్సిందే. కానీ ఒక మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో తెలివి కన్నా భయం ముందు లేస్తుంది. రేపు వెళ్దాం, పరీక్షలయ్యాక వెళ్దాం అని ఆ రేపును జరుపుకుంటూ వచ్చింది. ఇంతలో సర్వేలో చేరింది. 'ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరు' అని అడిగితే, ఒక్క క్షణం ఆలోచించకుండా కూతురి పేరు చెప్పింది. అత్తగారికి పళ్ళు లేవు, గొట్టం నోట్లో నిలవదు కాబట్టి పిల్లే దిక్కని పైకి చెప్పింది. లోపలి మాట వేరు. నలుగురి ఊపిరీ కొలిచే గొట్టానికే కొలతగా నిలబడ్డ పిల్లకు జబ్బెందుకుంటుంది? అదీ ఆవిడ ధైర్యం.

ఆ ధైర్యానికి ఈ మధ్య తూట్లు పడుతున్నాయి. పిచ్చుక కూడా రెండో అంతస్తు మలుపులో ఆగుతోంది. పైనుంచి వింటుంటే అడుగుల చప్పుడు టకటకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. ఆ కాసేపూ గొట్టం మేడం చేతిలో పని కూడా ఆగిపోతుంది.

"ఏమైందే?"

"లేసు ఊడిందమ్మా, కట్టుకుంటున్నా."

రోజు విడిచి రోజు లేసు ఊడుతుంటే ఆవిడేం చేసిందో తెలుసా? లేసులు లేని బూట్లు కొనుక్కొచ్చింది! వారం తిరక్కుండా పిచ్చుక మళ్ళీ మలుపులో ఆగింది. ఈసారి బ్యాగు జిప్పు ఇరుక్కుందట. ఆ రాత్రి గొట్టం మేడం అన్నం తినకుండా కంచం పక్కకు జరిపింది. అడిగితే తలనొప్పి అంది.

సర్వే ఆఫీసులో స్టోరు చూసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. బట్టతల, నడుముకు తాళాల గుత్తి, దానికి ముందు నడిచే పొట్ట. గొట్టం మేడం గుమ్మంలోకి రాగానే ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మళ్ళీనా తల్లీ? ఇప్పటికి రెండు ఇచ్చాను. అందరూ గొట్టాల్లోకి ఊదుతున్నారు, నువ్వు గొట్టాలు తింటున్నావా?"

"హాస్యాలొద్దు బాబాయ్. ముల్లు ఒకరోజు పైన, ఒకరోజు కింద. దీంతో పిల్లల్ని కొలిస్తే సర్వే మొత్తం తప్పుల తడకే."

బాబాయ్ గొట్టం అందుకుని, దాని మూతికి కొత్త అట్టచుట్ట తొడిగి, పొట్ట సవరించుకుని ఊదాడు. ముల్లు చూపించాడు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ చూపించాడు. రెండుసార్లూ ముల్లు ఒక్కచోటే ఆగింది.

"దీనికేం? లక్షణంగా ఉంది."

"ఇక్కడ బాగానే ఉంటుంది. మా ఇంటికొచ్చేసరికే దానికి తిక్క పుడుతుంది."

"అయితే గొట్టం మార్చి లాభమేంటి, ఇల్లు మార్చు," అన్నాడు బాబాయ్. తన హాస్యానికి తనే నవ్వుకుంటూ ఇంకో గొట్టం తీసిచ్చాడు.

ఆ మూడో గొట్టం కొన్నాళ్ళు బుద్ధిగా ఉంది. పిచ్చుక ఊదితే రోజూ పై అంకే. గొట్టం మేడం ముఖంలో కళొచ్చింది. అత్తగారికి అడక్కుండానే రెండోసారి టీ ఇచ్చింది. "ఏమిటో ఇవాళ నా అదృష్టం," అంది ముసలావిడ. ఆ మర్నాడు పొద్దున పిచ్చుక ఊదితే ముల్లు సగంలోనే చతికిలబడింది.

గొట్టం మేడం తిట్టలేదు. సాయంత్రం స్టోరులో ఇచ్చేద్దామని గొట్టాన్ని బ్యాగు అడుగున తోసేసి, ఆ రోజుకు తోటి ఉద్యోగిని గొట్టంతో నడిపిద్దామనుకుని బడికి బయల్దేరింది. ఆ తోటావిడ ప్రశ్నల కాగితాలు పంచుతుంది. పిల్లలు ఆవిడనేమంటారో మీరే ఊహించుకోండి. అవును, కాగితాల మేడం.

పొడుగాటి తరగతి గది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కాగితాల మేడం ఒక్కో ప్రశ్నా గట్టిగా చదువుతోంది, పిల్లలు గళ్ళలో టిక్కులు పెడుతున్నారు. "గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా, జలుబు లేనప్పుడు కూడా, తుమ్ములు గానీ ముక్కు కారడం గానీ ఉండేదా? పరుగెత్తాక ఆయాసం వచ్చిందా? ఛాతీలో పిల్లికూతలు వినిపించాయా?"

వెనక బెంచీలోంచి ఎవరో మ్యావ్ అన్నారు. తరగతంతా గొల్లుమంది. ప్రతి బడిలోనూ ఆ ప్రశ్న దగ్గర ఒక పిల్లి ఉంటుంది. గొట్టం మేడం కూడా ప్రతి బడిలో ఒకటే జవాబు చెప్తుంది. "నవ్వండి, బాగా నవ్వండి. నవ్వితే దగ్గొచ్చేది ఎవరికో నాకూ తెలుస్తుంది." నిజంగానే మూడో వరసలో ఇద్దరికి దగ్గొచ్చింది. ఆవిడ వాళ్ళను గుర్తుపెట్టుకుంది.

ఆ తర్వాత, మొదటి రోజున అనుమానం కలిగిన పిల్లల చేత రెండోసారి ఊదించడం. అలాంటివాళ్ళను వేరువేరు రోజుల్లో ఊదించి చూస్తారు. రెండు జడల పొడుగమ్మాయి ఒకతె ఊదింది. ముల్లు మొన్నటికన్నా బాగా కింద ఆగింది. ఆ పిల్లకు రోషమొచ్చింది.

"మేడం, మీ మిషన్ పాడైపోయింది! మొన్న ఎంతొచ్చింది నాకు? కావాలంటే చూసుకోండి."

గొట్టం మేడానికి ఈ మాట కొత్తా ఏమన్నా? ఏ బడికెళ్ళినా ఎవరో ఒకరు అననే అంటారు. దానికీ ఒక జవాబు నాలుక చివరే ఉంటుంది. వేరే ఏదో ఆలోచిస్తూ కూడా అప్పజెప్పేస్తుంది.

"మిషన్‌ని తిట్టకమ్మా. మంచి ఛాతీ రోజూ ఒక్కలాగే ఊదుతుంది. ఒకరోజు బాగా ఊది, ఇంకోరోజు ఊదలేకపోయావంటే తేడా గొట్టంలో లేదు, నీ..."

అక్కడ ఆగిపోయింది. 

పిల్లలు ఎదురుచూశారు. రెండు జడల పిల్ల, "నా ఏంటి మేడం?" అంది. గొట్టం మేడం బ్యాగు అడుగునున్న గొట్టాన్ని బయటికి లాగింది. కాగితాల మేడంకేసి ఒక చూపు చూసి, రెండు గొట్టాలూ పట్టుకుని వరండాలోకి నడిచింది.

నీళ్ళ కుళాయి పక్కన నిలబడి ముందు తోటావిడ గొట్టంలోకి ఊదింది. తర్వాత బ్యాగు అడుగున తోసేసిన 'పాడైన' గొట్టంలోకి ఊదింది. ఒకటే అంకె. నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ ఊదింది. అదే. గొట్టం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. మూడు గొట్టాలూ, వరసగా, నోరు లేని ఆ వస్తువులు తమకు తెలిసిన నిజం చెప్తూనే ఉన్నాయి. వాటిని తిట్టిపోసి స్టోరులో విసిరేసి వచ్చింది తనే.

కాగితాల మేడం వచ్చేసరికి ఆవిడ వరండా మెట్టుమీద కూలబడి ఉంది.

"ఏమైందక్కా? ముఖం అలా పాలిపోయిందేంటి?"

"మా పిచ్చుక..." అంది గొట్టం మేడం. "మూడు గొట్టాలకు వంక పెట్టాను. దాన్ని ఒక్కసారి డాక్టరుకు చూపించలేదు. ఇలాంటి తల్లి ఎక్కడైనా ఉంటుందా?"

విషయమంతా విన్నాక కాగితాల మేడం పక్కనే కూర్చుంది. "అక్కా, నువ్వే చెప్తావుగా, అంకె అలా పైకీ కిందికీ పోతే అది ఆస్తమా అని. అదే అయ్యుంటుంది. మందుంది కదా దానికి."

"ఆయన కూడా ఒకరోజు గబగబా ఎక్కేసేవాడు, ఒకరోజు ఆగేవాడు. ఇది ఆస్తమా అని నువ్వు రాసిస్తావా? గుండె కాదని రాసిస్తావా?"

కాగితాల మేడం రాసివ్వలేదు. ఎలా రాసిస్తుంది? సర్వేను నడిపించే డాక్టరమ్మకు ఫోను కలిపి చేతికిచ్చింది. డాక్టరమ్మ సగం విని, "ఇంకా అక్కడ కూర్చుని ఏం చేస్తున్నారండీ? పాపని తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి రండి," అని కసిరింది. ఆ కసురుకు గొట్టం మేడం లేచి నిలబడింది.

బడి మధ్యలోంచి పిలిపించి తీసుకొచ్చిన పిచ్చుక, బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికి చూసింది.

"ఎక్కడికమ్మా?"

"డాక్టరమ్మ దగ్గరికి. ఊరికే, ఒకసారి చూపిద్దామని."

"గుండె డాక్టరా?"

గొట్టం మేడం ఉలిక్కిపడింది. ఆ మాట ఆవిడ ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు. అత్తగారి దగ్గర కూడా అనలేదు.

"నీకెవరు చెప్పారే?"

"ఆ రోజు వరండాలో మీ వెనక కుర్చీలోనే ఉన్నానుగా. నిద్రపోతున్నాననుకున్నారు మీరు." పిచ్చుక మళ్ళీ కిటికీకేసి తిరిగింది. "నాన్నకొచ్చిందే నాకూ వచ్చిందని తెలుసమ్మా. పొద్దున ఊదేటప్పుడు ఎంత గట్టిగా ఊదినా కొన్నిరోజులు రాదు. అప్పుడు నువ్వు గొట్టాన్ని తిడతావు. తిట్టనీలే, గొట్టమే పాడైందని అనుకోనీలే అనుకున్నా. లేకపోతే మళ్ళీ ఏడుస్తావు కదా."

ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుని తిరిగారు. ఒకరు బూట్లు మార్చారు, ఇంకొకరు జిప్పు ఇరికించారు. గొట్టం మేడం కూతురి తల తన భుజానికి అదుముకుంది. బస్సులో జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. దిగాల్సిన చోటు దాటిపోతే ఇద్దరూ వెనక్కి నడిచారు, మెల్లగా, పిచ్చుకకు ఆయాసం రాకుండా.

డాక్టరమ్మ పొట్టి మనిషి, మాట కటువు, చెయ్యి మాత్రం మెత్తన. పిచ్చుకను బల్లమీద కూర్చోబెట్టి వీపున స్టెతస్కోపు ఆనించి వింది. ఎప్పుడెప్పుడు దగ్గొస్తుంది, నవ్వితే వస్తుందా, పరుగెత్తితే వస్తుందా, తెల్లవారుజామున మెలకువొస్తుందా అని అడిగింది. అవన్నీ గొట్టం మేడం బళ్ళలో అడిగే ప్రశ్నలే. ప్రతిదానికీ పిచ్చుక అవునంటుంటే, ఎంతమంది పరాయి పిల్లల్ని అడిగానో, నా పిల్లనొక్కదాన్నీ అడగలేదు కదా అని ఆవిడకు తల తీసేసినట్టయింది.

"ఇటు రండి," అంది డాక్టరమ్మ. స్టెతస్కోపు తీసి ఆవిడ చెవులకు పెట్టింది. "వినండి."

సన్నగా, దూరంగా, మూసిన తలుపు వెనకనుంచి వచ్చినట్టు ఈల. పిల్లికూత. ఇన్నాళ్ళుగా తన నోట పలికిన మాట అది, చెవితో వినడం ఇదే మొదటిసారి.

తర్వాత గొట్టంలోకి ఊదించారు. ముల్లు కిందే. బుడ్డిలాంటి ప్లాస్టిక్ డబ్బాకు ఇన్‌హేలర్ తగిలించి మందు పీల్పించారు. కాసేపు వరండాలో కూర్చోమన్నారు. ఆ కాసేపు ఎంతసేపో గొట్టం మేడాన్నే అడగాలి. గోడమీద పగులును పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ ఎన్నిసార్లు చూసిందో! పిచ్చుక మాత్రం కాళ్ళూపుకుంటూ, "అమ్మా, ఛాతీ తేలిగ్గా అయిందే," అంది. "నిజం. ఏదో బరువు దించినట్టుంది."

మళ్ళీ ఊదించారు. పిచ్చుక కళ్ళు మూసుకుని ఊదింది. ముల్లు సర్రున లేచి, మంచిరోజుల్లో ఆగే చోటును కూడా దాటి ఆగింది.

"ఆస్తమానే," అంది డాక్టరమ్మ. "మందుకు ఇలా తెరుచుకుందంటే అనుమానమే అక్కర్లేదు."

"మరి గుండె?"

"అదీ ఇవాళే తేల్చేద్దాం. ఇన్నాళ్ళు ఆపినందుకు మిమ్మల్ని తర్వాత తిడతాను."

పక్క భవనంలో గుండె డాక్టరు పిచ్చుక ఛాతీకి తీగలు తగిలించి ఒక పరీక్ష, తెరమీద గుండెను చూపించే ఇంకో పరీక్ష చేశాడు. తెరమీద నల్లగా తెల్లగా ఏదో కొట్టుకుంటోంది. గొట్టం మేడానికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె డాక్టరు ముఖమే చూస్తోంది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "భేషుగ్గా ఉందమ్మా. నాన్నగారి జబ్బు జాడ ఎక్కడా లేదు. కుటుంబంలో ఉంది కాబట్టి రెండుమూడేళ్ళకోసారి చూపించుకుంటూ ఉండండి, అంతే," అన్నాడు.

గొట్టం మేడం మళ్ళీ డాక్టరమ్మ గదిలోకి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. వస్తూనే ఆ పొట్టి మనిషి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "ఆస్తమా అట డాక్టరమ్మా! మా పిచ్చుకకు ఆస్తమానే అట! నా నెత్తిన పాలు పోశారు!" అంటూ నవ్వింది, నవ్వుతూనే భోరుమంది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు, ఈవిడకేదో లాటరీ తగిలిందనుకుని మెడలు సాచి చూశారు.

"చేతులు వదలండమ్మా, రేపు నేను పనిచేసుకోవాలి," అంది డాక్టరమ్మ. "ఇన్నేళ్ళలో ఆస్తమా ఉందని చెప్తే తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. పండగ చేసుకున్నది మీరొక్కరే. వినండి, తేలిగ్గా తీసుకోకండి. మందు రోజూ వాడాలి. బాగుందని మానేశారంటే మళ్ళీ నా దగ్గరికే వస్తారు, అప్పుడు నా నోరు మంచిది కాదు."

"వాడతాం. మీరు ఆపమనేదాకా వాడతాం."

"సరే. ఏది పడదో తెలియడానికి చర్మం మీద మందుచుక్కలు వేసి చూశాం. పాపకు దుమ్ము పడదు. ఇంట్లో పాత బట్టలు, పరుపులు, రగ్గులు... పాప దేనిమీద పడుకుంటుంది?"

పిచ్చుక తల దించుకుంది.

ఇంటికెళ్ళాక అది తన మంచం కిందనుంచి ఒక గోధుమరంగు రగ్గు బయటికి లాగింది. వాళ్ళ నాన్నది. ఆయన పోయాక గొట్టం మేడమే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఉతికితే ఆయన వాసన పోతుందని ఉతకలేదు.

"రోజూ కాదమ్మా," అంది పిచ్చుక. "గుర్తొచ్చినప్పుడు మాత్రమే కప్పుకుంటా. పొద్దున్నే మళ్ళీ దాచేస్తా."

"పెట్టె తాళం ఎలా వచ్చిందే నీకు?"

"నేనిచ్చాను," అంది నాయనమ్మ మంచం మీద నుంచి, కొంచెం కూడా తడబడకుండా. "ఇంకెవరిస్తారు? పిల్ల తండ్రి కోసం ఏడుస్తుంటే తాళం కొంగున కట్టుకుని కూర్చోమంటావా?"

గొట్టం మేడం రగ్గు ముఖానికి దగ్గరగా పట్టుకుంది. దుమ్ము ముక్కుకు ఎక్కి వరసపెట్టి తుమ్మింది. నాన్ననుంచి గుండెజబ్బు దిగిందని ఇద్దరూ హడలిపోయారు గానీ, దిగిందల్లా ఆయన రగ్గులోని దుమ్మే. రగ్గు కప్పుకున్న మర్నాడల్లా ముల్లు పడిపోయేదన్నమాట. ఇల్లు మార్చమన్న బాబాయ్ హాస్యం గుర్తొచ్చి ఆవిడకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

పారేస్తుందేమోనని పిచ్చుక బిత్తరచూపులు చూసింది. పారెయ్యలేదు. పెద్ద గిన్నెలో సలసల కాగే నీళ్ళు పెట్టి, పిల్లను అవతలి గదిలో కూర్చోబెట్టి తలుపు మూసి, అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఉతికారు. నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. "వాడు బతికుండగా కూడా దీన్ని ఉతకనిచ్చేవాడు కాదే," అంది ముసలావిడ, పిండుతూ. "మొండివెధవ." అని కొంగుతో కళ్ళొత్తుకుంది. గొట్టం మేడం ఆవిడ చేతిలోంచి రగ్గు చివర అందుకుంది. ఇద్దరూ కలిసి డాబామీద ఎండలో ఆరేశారు.

మర్నాడు స్టోరుకు వెళ్ళి బాబాయ్‌కి జరిగింది చెప్పింది. ఆయన మొదట గెలిచినట్టు పొట్ట నిమురుకున్నాడు, చివరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అసలు చిక్కొచ్చిపడింది. ఇంటి కొలత ఎవరు? పిచ్చుక ఇక కుదరదు. గతిలేక అత్తగారి చేత పళ్ళసెట్టు పెట్టించి ఊదిస్తే, మొదటిసారి పళ్ళసెట్టు వచ్చి గొట్టంలో కూర్చుంది. నాలుగురోజుల్లో ముసలావిడ కిటుకు పట్టేసింది. అంకె చిన్నదే గానీ, ముల్లు రోజూ అదే గీత మీద ఆగుతుంది, వెంట్రుకవాసి తేడా రాదు. "చూశావటే, నా ఊపిరి మాటమీద నిలబడే ఊపిరి," అని అపార్ట్‌మెంటంతా చెప్పుకుని తిరిగింది. డాక్టరమ్మ కూడా నవ్వి సరేనంది.

మందు మొదలెట్టిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం గొట్టం మేడం పని తొందరగా ముగించుకుని వచ్చి, వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. కింద గేటు చప్పుడైంది. అడుగులు. అవి పిచ్చుకవేనని వేరే చెప్పక్కర్లేదు, ఆ బూట్ల చప్పుడు ఆవిడకు తెలుసు. మొదటి అంతస్తు. తర్వాత ఇంకొన్ని మెట్లు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి గొట్టం మేడం చేతిలో కత్తి ఆగిపోయింది. మందు వాడుతున్నా, డాక్టర్లు చెప్పినా, ఆ చోటు దగ్గర ఆవిడ చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి.

అడుగులు ఆగలేదు. మలుపు తిరిగాయి. రెండేసి మెట్లు దాటుకుంటూ, బ్యాగు గోడకు రాసుకుంటూ, ఏదో కూనిరాగం తీసుకుంటూ పైకి వచ్చేశాయి. తలుపు దబదబా మోగింది.

"అమ్మా! తలుపు తియ్యవే!"

"తలుపు తియ్యవేమే అమ్మాయ్, చెవుడొచ్చిందా?" అంది నాయనమ్మ.

"వస్తున్నా అత్తయ్యా," అంది గానీ, గడియ మీద చెయ్యివేసి ఆవిడ అలాగే నిలబడిపోయింది. తలుపవతల కూతురి ఊపిరి వినిపిస్తోంది. పిల్లికూత లేదు. మూడంతస్తులు పరుగెత్తుకొచ్చిన ఏ పిల్లకైనా ఉండే ఊపిరే అది. ఉల్లిపాయలకో దేనికో ఆవిడ కళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలనిపించలేదు.

"ఆకలేస్తోందమ్మా!" అని పిచ్చుక మళ్ళీ అరిచింది. అప్పుడు గడియ తీసింది.